నెవార్క్ ఎవెన్యూలో బొట్టు

అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చిన అమ్మానాన్నల్ని కదిపితే చాలామంది ఒకటే మాట చెబుతారు. "అంతా బాగానే ఉంది గానీ, కాలు బయట పెట్టడానికి లేదండీ" అని. నిజమే. అక్కడ చాలా ఊళ్ళల్లో ఇల్లు ఒకచోట, కొట్టు నాలుగు మైళ్ళ అవతల. కారు లేకపోతే కొత్తిమీర కట్ట కూడా ఇంటికి రాదు. పిల్లలు పనుల్లో పడ్డాక పెద్దవాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని ఉడతల్ని లెక్కపెట్టుకోవాలి.

జెర్సీ సిటీ అలాంటి ఊరు కాదు. హడ్సన్ నదికి అవతలి ఒడ్డున న్యూయార్క్ నగరం, ఇవతలి ఒడ్డున ఈ ఊరు. ఇక్కడ పేవ్‌మెంట్లున్నాయి, వాటిమీద మనుషులున్నారు. మా రెండో అమ్మాయి కాన్పుకని కిందటేడు వేసవిలో అక్కడ ఆర్నెల్లున్నాను. మా వారు నెలరోజులుండి, పొలం కౌలు లెక్కలున్నాయంటూ తెనాలి వెళ్ళిపోయారు. అల్లుడు రైలెక్కి ఆఫీసుకి పోయేవాడు. నేను పొద్దున్నే పసిదానికి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేయబోతే పొగకి అలారం మోగుతుందని అమ్మాయి లబలబలాడితే అది మానేసి, పాలు పట్టించి పడుకోబెట్టేదాన్ని. తల్లీపిల్లా నిద్రపోయే ఆ గంటన్నరా నాది. చెప్పులేసుకుని బయటపడేదాన్ని.

ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినదాన్ని కదా, కొత్త ఊరొస్తే వీధుల పేర్లు చదవడం, బొమ్మలకింద రాసినవి చదవడం అలవాటు. అలా నడిచిన దారుల్లో ఒకటి మీకు చెప్పాలి. ఇంటినుంచి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

పత్రిక పేరుతో ఒక కూడలి

మా వాళ్ళ అపార్ట్‌మెంటు జర్నల్ స్క్వేర్‌కి దగ్గర. అది ఊరికి నడిబొడ్డులాంటిది. బస్సులన్నీ అక్కడికే వస్తాయి. 'పాత్' అనే రైలు అక్కడ ఎక్కితే నదికిందనున్న సొరంగంలోంచి పోయి, పావుగంటలో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దింపుతుంది. ఆ సొరంగాల్లో రైళ్ళు 1908లోనే మొదలయ్యాయి. రాత్రీపగలూ నడుస్తాయి. మన ఐటీ పిల్లలు ఈ ఊళ్ళో ఇంతమంది ఉండటానికి సగం కారణం ఆ రైలే. ఉద్యోగం అవతల, కాస్త తక్కువ అద్దె ఇవతల.

జర్నల్ స్క్వేర్ అన్న పేరు ఒక దినపత్రికది. 'జెర్సీ జర్నల్' 1867లో పుట్టిన పత్రిక. దాని ఆఫీసు ఇక్కడుండేది కాబట్టి కూడలికి ఆ పేరొచ్చింది. 2025 ఫిబ్రవరి 1తో ఆ పత్రిక ఆగిపోయింది. పేరు మటుకు రైలు స్టేషను మీద అలాగే ఉంది. ఈ పత్రికని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని పనుంది.

స్టేషను ముందు ఒక కంచు విగ్రహం ఉంది. జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడిది. అప్పట్లో అమెరికాలో తెల్లవాళ్ళ పెద్ద లీగుల్లో నల్లవాళ్ళని ఆడనిచ్చేవారు కాదు. ఆ గీత దాటి రాబిన్సన్ మొదటి ఆట ఆడింది 1946 ఏప్రిల్ 18న, ఈ జెర్సీ సిటీలోనే. ఆరోజు హోమ్ రన్ కూడా కొట్టాడు. మరుసటేడు బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులోకెళ్ళి చరిత్రలో నిలిచిపోయాడు. మా అల్లుడికి క్రికెట్ తప్ప వేరే ఆట పట్టదు. "రోజూ ఆ విగ్రహం పక్కనుంచే వెళ్తున్నాను, ఎవరో తెలియదత్తయ్యా" అన్నాడు.

రోడ్డుకి అవతలి పక్క లోయీస్ అనే పాత సినిమా హాలు. 1929లో కట్టారు, దాదాపు మూడువేల సీట్లు. నెత్తిన ఒక గడియారం, దాని పైన గుర్రమెక్కిన వీరుడు, ఎదురుగా డ్రాగన్. 1986లో హాలు మూతపడితే పడగొట్టి వేరే కట్టడం కడదామనుకున్నారు. ఊరి జనం ఊరుకోలేదు. సంతకాలు సేకరించారు, మునిసిపాలిటీ చుట్టూ తిరిగారు. చివరికి నగరపాలక సంస్థే దాన్ని కొనేసింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి శనాదివారాల్లో మామూలు మనుషులు వచ్చి, జీతం బత్తెం లేకుండా దాన్ని బాగుచేసుకున్నారు. నేనున్నప్పుడు ఇంకా పెద్ద ఎత్తున మరమ్మతులు సాగుతున్నాయి. మా తెనాలిలో మూతపడిన హాళ్ళు ఒక్కొక్కటీ కల్యాణమండపాలూ షాపింగ్ కాంప్లెక్సులూ అయిపోవడం చూసినదాన్ని. అందుకని ఆ గడియారం దగ్గర రోజూ ఓ నిమిషం ఆగేదాన్ని.

మలుపు తిరగ్గానే పోపు వాసన

అక్కణ్ణించి కెనెడీ బులవార్డ్ మీద ఉత్తరంగా నడవాలి. పెద్ద రోడ్డు. ఒకపక్క ఆకాశానికంటే కొత్త అపార్ట్‌మెంట్లు, ఇంకోపక్క రెండంతస్తుల పాత ఇళ్ళు. దారిలో ఫిలిప్పీన్సు వాళ్ళూ, ఈజిప్టు నుంచొచ్చిన క్రైస్తవ కుటుంబాలూ, స్పానిష్ మాట్లాడేవాళ్ళూ, నల్లవాళ్ళూ ఎదురవుతారు. స్కూలు పిల్లల్ని రోడ్డు దాటించే ఒక నల్లజాతి పెద్దావిడ రోజూ నన్ను చూసి గుడ్ మార్నింగ్ చెప్పేది. వారం తిరిగేసరికి "బేబీ ఎలా ఉంది?" అని అడిగేదాకా వచ్చింది.

పది నిమిషాలు నడిచి ఎడమచేతికి తిరిగితే నెవార్క్ ఎవెన్యూ. మలుపు తిరగ్గానే ముక్కుకి తెలిసిపోతుంది. ఇంగువ, ఆవాలు, వేగుతున్న మిరపకాయ బజ్జీ. అక్కణ్ణించి టానెలీ ఎవెన్యూ దాకా ఉన్న వీధిని ఇండియా స్క్వేర్ అంటారు. లిటిల్ బాంబే అని కూడా అంటారు. చీరల కొట్లు, నగల కొట్లు, మిఠాయి దుకాణాలు, పాన్ బడ్డీ, పాస్‌పోర్ట్ ఫోటోలు తీసేచోటు, విమానం టికెట్లమ్మేచోటు. 1974లో షికాగోలో ఒక్క కొట్టుగా మొదలై దేశమంతా పాకిన పటేల్ బ్రదర్స్ ఇక్కడా ఉంది. అందులో గోంగూర, దోసకాయలు, చిక్కుడుకాయలు, ములక్కాడలు. ములక్కాడ ధర రూపాయల్లోకి మార్చుకోకండి. మార్చుకుంటే సాంబారు మింగుడుపడదు.

వీధి గుజరాతీది. బోర్డులు గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు. కానీ చెవులు రిక్కిస్తే అడుగడుగునా తెలుగే. కందిపప్పు సంచీల దగ్గర ఓ కుర్రాడు ఫోన్లో "అమ్మా, ఏ పప్పు? ఫోటో పంపించు" అంటున్నాడు. కరివేపాకు దగ్గర ఇద్దరమ్మాయిలు తెలంగాణ యాసలో రూమ్‌మేట్ మీద చాడీలు చెప్పుకుంటున్నారు. దోసెల హోటల్లో పక్క టేబులు వాళ్ళు చట్నీలో కొబ్బరి తక్కువైందని మన భాషలోనే తేల్చేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో మా అమ్మాయి చెప్పే జాగ్రత్తలు మాత్రం వేరు. ఫోన్ ఛార్జింగ్ చూసుకో, సిగ్నల్ పడ్డాకే దాటు, ఎవరేమడిగినా ఆగకు. ఈ మూడూ సరే. నాలుగోది ఓ రోజు కాస్త నసుగుతూ చెప్పింది. "అమ్మా, బయటికెళ్ళేటప్పుడు ఆ పెద్ద బొట్టు తీసి, చిన్న స్టిక్కరు పెట్టుకోకూడదూ? ఇక్కడ రోజులు మునుపటిలా లేవు." నేను పావలాకాసంత కుంకుమ బొట్టు పెట్టుకుంటాను. అప్పటికి ఏమీ అనలేదు. బాలింతతో వాదన పెట్టుకోకూడదు.

గల్లాపెట్టె వెనక ఆవిడ

బాలసారెకి పసుపు, కుంకుమ, ముత్తయిదువలకి ఇవ్వడానికి గాజులు కావాల్సొచ్చి ఒక పూజాసామగ్రి కొట్లోకి వెళ్ళాను. గల్లాపెట్టె వెనక డెబ్భయ్యేళ్ళ గుజరాతీ ఆవిడ. ఆవిడ హిందీ గుజరాతీలా, నా హిందీ తెనాలిలా ఉంటే మధ్యలో ఎక్కడో కలుసుకున్నాం. కుంకుమ పొట్లం కడుతూ నా నుదుటి వంక చూసి నవ్వింది.

"ఇంత బొట్టు పెట్టుకుని నడిచే వచ్చారా బెహన్?"

"రోజూ ఇలాగే వస్తాను. ఏం?"

"ఏం లేదు. ఒకప్పుడు ఈ వీధిలో మాకా ధైర్యం ఉండేది కాదు."

కొట్లో జనం లేరు. స్టూలు జరిపి కూర్చోమంది. ఎనభైల మొదట్లో భర్తతో వచ్చిందట. ఆయన ఫ్యాక్టరీలో పనిచేసి, నాలుగు డాలర్లు వెనకేసి కొట్టు పెట్టాడు. అప్పటికి ఈ వీధిలో మూతపడ్డ దుకాణాలే ఎక్కువ, అద్దె తక్కువ. మనవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి షట్టర్లెత్తారు. వీధి కళకళలాడుతోందనుకునేసరికి కొందరి కళ్ళు మండాయి.

"మొదట కోడిగుడ్లు విసిరేవాళ్ళు. కార్ల అద్దాలు పగిలేవి. మా బిడ్డని బండిలో తోసుకుంటూ వెళ్తుంటే వెనకనుంచి కేకలు. 1987 వచ్చేసరికి ఇంక సాయంత్రమైతే భయమే. కొట్లో ఉన్నంతసేపూ బొట్టుండేది. షట్టరు దించేముందు రుమాలు తడిపి తుడిచేసుకునేదాన్ని. ఇంటికెళ్ళి తలుపు గడియపెట్టి, దేవుడి ముందు మళ్ళీ పెట్టుకునేదాన్ని."

ఒక రాత్రి కొట్టు అద్దంలోంచి ఇటుక వచ్చి పడిందట. తెల్లవారుజామున భర్త వచ్చి, గాజుపెంకులన్నీ ఊడ్చి, అట్టముక్క అడ్డంపెట్టి మామూలు వేళకే కొట్టు తెరిచాడు. "ఆరోజు మూసుంటే మళ్ళీ తెరిచేవాళ్ళం కాదు" అందావిడ.

ఆ ఏడు ఏం జరిగింది?

ఇంటికొచ్చి పాత వార్తలన్నీ వెతికి చదివాను. ఆవిడ చెప్పింది పొల్లుపోలేదు.

1987 వేసవిలో ఇందాక చెప్పిన జెర్సీ జర్నల్ పత్రికకి ఒక ఉత్తరం వచ్చింది. తమని తాము 'డాట్‌బస్టర్స్' అని చెప్పుకున్నవాళ్ళు రాసింది. 'డాట్' అంటే బొట్టు. మన ఆడవాళ్ళ నుదుటిమీది బొట్టు. 1984లో వచ్చిన 'ఘోస్ట్‌బస్టర్స్' సినిమా పేరుని వెక్కిరింతగా మార్చి పెట్టుకున్నారు. దెయ్యాల్ని తరిమినట్టు బొట్టువాళ్ళని తరుముతామని. భారతీయుల్ని జెర్సీ సిటీ నుంచి వెళ్ళగొట్టడానికి ఎంతకైనా తెగిస్తామని, పటేల్ అన్న ఇంటిపేరు ఫోన్ పుస్తకంలో వెతికి మరీ ఇళ్ళు పట్టుకుంటామని ఆ ఉత్తరం సారాంశం. పత్రిక దాన్ని అచ్చువేసింది.

ఆ సెప్టెంబర్ 27 రాత్రి పక్క ఊరు హోబోకెన్‌లో నవ్రోజ్ మోదీ అనే ముప్పయ్యేళ్ళ బ్యాంకు ఉద్యోగిని కొందరు కుర్రాళ్ళు చుట్టుముట్టి కొట్టారు. పక్కనున్న తెల్లజాతి స్నేహితుడి జోలికి పోలేదు. మోదీ కొద్దిరోజులకే ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. కొట్టినవాళ్ళు 'హిందూ' అని అరుస్తూ కొట్టారని చెప్పుకున్నారు. అతను పార్సీ. నుదుట బొట్టు లేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే జెర్సీ సిటీలో ఒక యువ డాక్టర్ని బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి రోడ్డుమీద వదిలేశారు. వారానికి పైగా స్పృహ లేకుండా పడి ఉండి, బతికి బయటపడ్డాడు.

మోదీ కేసులో కుర్రాళ్ళకి దాడి చేసినందుకే శిక్ష పడింది, హత్యానేరం నిలబడలేదు. ఆ కోపం మనవాళ్ళలో చాలాకాలం ఉండిపోయింది. కానీ కోపంతో ఊరుకోలేదు. అదివరకు ఎవరి కొట్టు వాళ్ళదే, ఎవరి ఉద్యోగం వాళ్ళదే అన్నట్టున్నవాళ్ళు ఊరేగింపులు తీశారు. పోలీసుల్నీ మేయర్నీ నిలదీశారు. నది అవతల కొలంబియా యూనివర్సిటీలో చదివే మన పిల్లలు జాత్యహంకారానికి వ్యతిరేకంగా ఒక సంఘం పెట్టి, ఏ రోజు ఎవరిమీద ఎలా దాడి జరిగిందో రాసి ఉంచారు. అంతేకాదు, జెర్సీ సిటీలోని ఒక హైస్కూలుకి వెళ్ళి, భారతదేశం అంటే ఏమిటో, ఈ వచ్చినవాళ్ళు ఎవరో అక్కడి విద్యార్థులకీ టీచర్లకీ పాఠాలు చెప్పారు. టీచర్ని కాబట్టి అంటున్నాననుకోకండి గానీ, అన్నిటికంటే నాకు గొప్పగా అనిపించింది అదే. ద్వేషంతో చేసిన నేరాలకి శిక్షలు పెంచే చట్టం 1990లో న్యూజెర్సీలో వచ్చిందంటే దాని వెనక వీళ్ళందరి కష్టం ఉంది.

మళ్ళీ బొట్టు పెట్టుకుని వీధిలోకి ఎప్పుడొచ్చారని ఆ కొట్టావిణ్ణి అడిగాను. ఆవిడ తడుముకోలేదు. "నవరాత్రులకి ఈ వీధి మూయించి గర్బా ఆడిన మొదటి ఏడు. వందలమంది ఆడవాళ్ళం, అందరి నుదుటా బొట్టే. ఎవర్నని చూస్తారు? ఎవర్నని కొడతారు?" అంది. ఇప్పటికీ నెవార్క్ ఎవెన్యూలో నవరాత్రులు వీధిలోనే జరుగుతాయి.

మనవాళ్ళు ఎప్పుడొచ్చారు?

జెర్సీ సిటీ ఒడ్డునుంచి చూస్తే లిబర్టీ విగ్రహం దగ్గరగా కనిపిస్తుంది. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ ఆ విగ్రహం పాదాల దగ్గర కూర్చునే కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. అంతకుముందు మన దేశంనుంచి ఏడాదికి వందమందికి మాత్రమే వలస వీసాల కోటా ఉండేది. ఆ సంతకంతో దేశాలవారీ పాత కోటాలు పోయాయి. ముందు డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చారు. వెనక వాళ్ళ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వచ్చారు. పెద్ద చదువులు లేనివాళ్ళు మోటళ్ళు, కొట్లు పెట్టారు. నెవార్క్ ఎవెన్యూ తలుపులు తీసింది వీళ్ళే.

మన తెలుగు పిల్లలు గుంపులుగా రావడం ఆ తర్వాతి కథ. 1990 చట్టం హెచ్-1బి వీసా తెచ్చింది. 2000 సంవత్సరం కంప్యూటర్ల హడావుడి, అమీర్‌పేట కోచింగులు, ఆపైన ఎమ్మెస్ చదువులు. ఇలా ఒకరి వెనక ఒకరు దిగారు. వాళ్ళు దిగేసరికి జెర్సీ సిటీలో గోంగూర దొరుకుతోంది. రాత్రి పదింటికి చీర కట్టుకుని ఆ వీధిలో నడవొచ్చు. ఆ వీధిని అలా ఉంచడానికి ఎవరో గాజుపెంకులు ఊడ్చి కొట్టు తెరిచారన్న సంగతి అక్కడ దోసె తినే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నేనడిగిన నలుగురైదుగురిలో ఒక్కరికీ తెలియదు. నేను నడిచినంతమేరా ఆ రోజుల్ని చెప్పే బోర్డొక్కటీ నా కంటపడలేదు.

అలాగని అదంతా పాత కథ అనడానికీ లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతా ఊళ్ళో, ఆఫీసయ్యాక స్నేహితుడితో కూర్చున్న మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు కాల్చి చంపాడు. ఇరాన్ వాళ్ళనుకుని కాల్చానన్నాడు. పక్కనున్న స్నేహితుడు అలోక్ గాయపడి బతికాడు. ఆ హంతకుణ్ణి ఆపబోయి ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్ యువకుడు కూడా తూటా దెబ్బ తిన్నాడు. ఆ వారమంతా మన ఇళ్ళల్లో ఫోన్లు ఆగలేదు, మీకు గుర్తుండే ఉంటుంది. బయట తెలుగు మాట్లాడకండి, ఎవరితోనూ వాదనలకి దిగకండి అని మెసేజీలు తిరిగాయి. మా అమ్మాయి అప్పుడు అక్కడ ఎమ్మెస్ చదువుతోంది. అది నసుగుతూ చెప్పిన నాలుగో జాగ్రత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

చిన్న బొట్టు, పెద్ద బొట్టు

బాలసారె అయిన మర్నాడు అమ్మాయి తీరిగ్గా ఉన్నప్పుడు ఇదంతా చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకేగా అమ్మా చెప్పింది, జాగ్రత్తగా ఉండమని" అంది.

"జాగ్రత్త వద్దనలేదే. చీకటిపడ్డాక ఒక్కదాన్నే వెళ్ళను. ఎవరైనా తాగి అరుస్తుంటే అవతలి పక్కకి దాటేస్తాను. కానీ ఆ పార్సీ అబ్బాయి నుదుట ఏముంది? శ్రీనివాస్ నుదుట ఏముంది? ద్వేషించేవాడు మన బొట్టు సైజు కొలిచి కొట్టడు. వాడికి మనం ఎవరమో కూడా తెలియదు. తీసేస్తే మనకి ధైర్యం తగ్గుతుందే తప్ప వాడికి కోపం తగ్గదు."

"నువ్వు ఆర్నెల్లుండి వెళ్ళిపోతావు. ఇక్కడ ఉండాల్సింది నేను. దీన్ని స్కూలుకి పంపాల్సింది నేను" అంది ఉయ్యాల వైపు చూపిస్తూ.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఉండేవాళ్ళ భయం వేరు, చూసి వెళ్ళేవాళ్ళ ధైర్యం వేరు. అందుకని దాన్ని ఇంక ఒప్పించబోలేదు. నా బొట్టు నేను మార్చలేదు, అదీ మళ్ళీ అడగలేదు. మూడు వారాలు పోయాక పసిదాన్ని బండిలో వేసుకుని తనే నాతో నెవార్క్ ఎవెన్యూకి వచ్చింది. ఆ కొట్టావిడ పిల్లని ఎత్తుకుని, వేలితో కాస్త కాటుక తీసి బుగ్గమీద దిష్టిచుక్క పెట్టింది. వచ్చేటప్పుడు దాన్ని తుడిచేస్తుందేమోనని చూశాను. తుడవలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ ఉత్తరం కథ చదువుతున్నంతసేపూ నాకు మా ఊరే గుర్తుకొచ్చింది. మా వీధి చివర అపార్ట్‌మెంట్ కడుతున్నారు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు రేకుల షెడ్డులో ఉంటున్నారు. ఎవరింట్లో సెల్‌ఫోను పోయినా ముందు వేలు ఆ షెడ్డు వైపే చూపిస్తుంది. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు, 'ఆ బీహారోళ్ళు' అంతే. మన పిల్లల్ని అక్కడ ఒకడు 'ఆ బొట్టోళ్ళు' అంటే మన గుండె మండుతుంది. వాళ్ళ అమ్మలు కూడా ఏ గయలోనో బలంగీర్‌లోనో కూర్చుని, సాయంత్రం ఫోను కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. ఊరికొచ్చాక నేను ఆ షెడ్డు దగ్గర ఆగి మాట్లాడటం మొదలుపెట్టాను. వాళ్ళలో ఒకబ్బాయికి పదో తరగతి పరీక్ష రాయాలని ఉందట. పుస్తకాలు వెతుకుతున్నాను.

మీరూ వెళితే

జెర్సీ సిటీలో మీ పిల్లలుంటే, లేదా న్యూయార్క్ చూడటానికి వెళితే, ఒక పూట ఈ నడకకి ఉంచుకోండి. పాత్ రైల్లో జర్నల్ స్క్వేర్‌లో దిగండి. రాబిన్సన్ విగ్రహం, గడియారం హాలు చూసుకుని, బులవార్డ్ మీద నెవార్క్ ఎవెన్యూ దాకా నడవండి. మధ్యాహ్నం లోపే వెళితే రద్దీ తక్కువ, కొట్లవాళ్ళకి మాట్లాడే తీరిక ఉంటుంది. శనాదివారాలు పార్కింగు కోసం మీ అల్లుడు మీతో గొడవపడతాడు, కాబట్టి కారు వద్దు. చలికాలమైతే చెవులు కప్పుకోండి, ఆ బులవార్డ్ మీద గాలి మామూలుగా ఉండదు.

సామాన్లు కొనడం ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు గల్లాపెట్టె వెనక తల నెరిసినవాళ్ళు కనిపిస్తే, మీరు ఏ ఏడు వచ్చారని అడగండి. ఆ తరంవాళ్ళకి డెబ్భై, ఎనభై ఏళ్ళొచ్చేశాయి. పిల్లలు కొట్లు నడపరు, వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. చుట్టూ కొత్త టవర్లు లేస్తున్నాయి, అద్దెలు పెరుగుతున్నాయి. ఆ ఉత్తరం అచ్చువేసిన పత్రిక మూతపడింది. ఆ ఉత్తరం వెళ్ళగొడతానన్నవాళ్ళు ఇంకా కొట్టు తెరుస్తున్నారు. తెరిచి ఉన్నప్పుడే వెళ్ళి వాళ్ళ మాట వినండి. వినొచ్చి మీ పిల్లలకి చెప్పండి.